యాపిల్‌కు పాకం పూత: పిల్లలకు పండుగ, పెద్దలకు జాగ్రత్త

ఆసుపత్రిలో ఉన్నవారిని చూడడానికి వచ్చే బంధువుల సంచిలో ఏముంటుందో చూడకుండానే చెప్పవచ్చు. ఒక రొట్టె పొట్లం, ఒక కొబ్బరి బోండాం, అరడజను యాపిల్ పళ్లు. రోగి ఒక పండు తింటాడు. ఇంకొకటి పక్క మంచం వారికి ఇస్తాడు. మిగిలినవి డిశ్చార్జి రోజున మళ్లీ సంచిలోకి వెళ్లి ఇంటికి చేరతాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కాశ్మీరు కాయ మన పూర్ణా మార్కెట్‌కూ, రైతు బజార్ల పక్కనున్న తోపుడు బండ్లకూ వచ్చినప్పుడు ఈ సంచులు మరింత బరువుగా ఉంటాయి.

ఆ మిగిలిన పళ్లతో ఏమి చేయాలి? పిల్లలకు ఒక సమాధానం తెలుసు. టీవీలో, బొమ్మల పుస్తకాల్లో వారు చూసిన ఎర్రగా మెరిసే పాకం యాపిల్. పుల్ల గుచ్చి, చక్కెర పాకంలో ముంచి, గాజులా గట్టిపడిన తరువాత కొరుక్కుని తినేది. గత సంవత్సరం కోత పండుగకు మన సండే స్కూల్ పిల్లలు అదే కావాలని అడిగారు. ఈ సంవత్సరం కూడా అడుగుతున్నారు. ఇంట్లో ఎలా చేయాలో రాయమని కొందరు తల్లులు మమ్మల్ని కోరారు. రాస్తున్నాము. అయితే మాది వంటల పత్రిక కాదు, ఆసుపత్రి పత్రిక. కాబట్టి వంటతోపాటు మా వార్డులో చూసిన సంగతి కూడా చెప్పక తప్పదు.

ఒక చిన్న చేయి

గత సంవత్సరం అదే పండుగ ముందురోజు సాయంత్రం ఆరేళ్ల పాపను తండ్రి చేతులమీద ఎత్తుకుని మా క్యాజువాలిటీకి తెచ్చాడు. ఇంట్లో మామ్మ పొయ్యి మీద బెల్లం పాకం కాస్తున్నది. పాప పీట మీద నిలబడి తొంగి చూసింది. పీట కదిలింది. పడిపోకుండా పట్టుకోవడానికి చేయి చాచింది. గరిటె తిరగబడి పాకం ముంజేతి మీదా, వేళ్ల మీదా పడింది. కంగారులో ఇంట్లోవారు టూత్‌పేస్టు పూశారు. దాని మీద గుడ్డ చుట్టారు. బొబ్బల మీద ఎండిపోయిన ఆ పేస్టును తీయడానికి మా సిస్టర్లకు చాలాసేపు పట్టింది. పాప పడిన బాధ అక్కడున్న మాకందరికీ గుర్తుంది.

మామ్మ బయట బల్ల మీద కూర్చుని, "నా చేత్తోనే చేశాను సిస్టరమ్మా, పిల్ల అడిగిందని చేశాను" అని పదే పదే చెప్పుకున్నది. తండ్రి ఉక్కు కర్మాగారంలో పనిచేస్తాడు. ఆయన అన్న మాట మేము మరచిపోలేదు. "మా షాపులో కరిగిన లోహం దగ్గరకు హెల్మెట్టు, గ్లౌజులు లేనిదే ఎవరినీ పోనివ్వరండీ. గీత దాటితే అరుస్తారు. ఇంట్లో పొయ్యి దగ్గర మాత్రం ఏ గీతా గీయలేదు."

దేవుని కృపవలన పాప చేయి బాగుపడింది. కాని రెండు వేళ్లు బిగుసుకోకుండా నెలల తరబడి వ్యాయామం చేయించవలసి వచ్చింది. మచ్చ ఉంది. ఆ తరువాత మా సిబ్బందిలో కొందరు, పండుగ బల్లల మీద ఈ మిఠాయి వద్దే వద్దు అన్నారు. మేము కూర్చుని ఆలోచించాము. వద్దంటే ఇళ్లలో మానేస్తారా? పప్పుచెక్క, జీళ్లు, అరిసెలు అన్నీ పాకంతోనే కదా. మన ఇళ్లలో పాకం పొయ్యి ఎక్కని పండుగ లేదు. మానమనడంకంటే, సరిగ్గా చేయడం నేర్పడమే మేలు అనుకున్నాము.

ఈ మిఠాయి ఎక్కడిది?

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, న్యూఅర్క్ పట్టణంలో విలియం కోల్బ్ అనే మిఠాయి వ్యాపారి 1908లో దీనిని మొదలుపెట్టాడని చెబుతారు. క్రిస్మసు అమ్మకాల కోసం దాల్చినచెక్క రుచిగల ఎర్రటి పాకం తయారు చేస్తూ, కొన్ని యాపిల్ పళ్లను అందులో ముంచి దుకాణం అద్దాల వెనుక అలంకారంగా పెట్టాడట. జనం ఆ పళ్లే కావాలన్నారు. అక్కడ యాపిల్ కోతలు శరదృతువులో జరుగుతాయి కాబట్టి ఇది ఆ కాలపు మిఠాయి అయింది. ఇంగ్లండులో నవంబరు 5వ తేదీ మంటల పండుగనాడు తింటారు.

మనకు యాపిల్ దూరపు పండు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి, చింతపల్లి చలి ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా యాపిల్ మొక్కలు పెంచినా, మన బజారులోని కాయ చాలావరకు హిమాచల్ నుంచి, కాశ్మీరు నుంచి లారీల్లో వస్తుంది. కాని పాకం మాత్రం మన ఇంటిదే. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోనే పేరున్నది. అక్కడి చెరకు పరిశోధన కేంద్రం 1913 నుంచి పనిచేస్తున్నది. అందుకే ఎర్ర రంగు, తెల్ల చక్కెర మాని అనకాపల్లి బెల్లంతో చేసే పద్ధతి ఇస్తున్నాము. రంగు కలపనవసరం లేదు. బెల్లం పాకమే రాగి రంగులో మెరుస్తుంది.

బెల్లం కొనేటప్పుడు మరీ పచ్చగా, తెల్లగా నిగనిగలాడేది తీసుకోకండి. రంగు తేలడానికి హైడ్రోసు అనే రసాయనం ఎక్కువగా కలిపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ముదురు గోధుమ రంగు బెల్లం చూడడానికి అందంగా లేకపోయినా మంచిది.

కావలసినవి

చిన్న యాపిల్ పళ్లు 6. బెల్లం పావుకిలో. నీళ్లు పావు గ్లాసు. నిమ్మరసం ఒక చెంచా. వేయించి, పొట్టు తీసి, బరకగా దంచిన వేరుశనగ పప్పు గుప్పెడు, లేదా వేయించిన నువ్వులు. పళ్లెానికి రాయడానికి కొంచెం నెయ్యి. ఐస్‌క్రీము పుల్లలవంటి శుభ్రమైన, మొన లేని పుల్లలు 6. లోతుగా, అడుగు మందంగా ఉన్న గిన్నె ఒకటి. బెల్లం పాకం పొంగుతుంది, కాబట్టి గిన్నె లోతు తప్పనిసరి.

వేరుశనగ గింజలు ఏరి చూసుకోండి. ముడుచుకున్నవి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి పారవేయండి. వాటిలో కాలేయానికి చెరుపు చేసే అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. వేయించినా అది పూర్తిగా పోదు.

తయారు చేసే విధానం

మొదట పళ్లను గోరువెచ్చని నీటిలో కడిగి, ముతక గుడ్డతో గట్టిగా తుడవండి. పండు మీద మైనపు పూత ఉంటే పాకం అంటుకోదు, జారిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పండు అయితే గంటసేపు బయట ఉంచి, చెమ్మ పూర్తిగా పోయిన తరువాతే వాడండి. తొడిమ తీసి, ఆ వైపు నుంచి పుల్లను సగం లోతుకు గుచ్చండి. పళ్లెానికి నెయ్యి రాసి సిద్ధంగా పెట్టుకోండి. పాకం వచ్చిన తరువాత వెతుక్కునే సమయం ఉండదు.

బెల్లం చితక్కొట్టి నీళ్లు పోసి సన్న సెగ మీద కరిగించండి. కరిగిన వెంటనే దించి గుడ్డలో వడకట్టండి. ఇసుక, పీచు పోతాయి. మళ్లీ గిన్నెలో పోసి నిమ్మరసం వేసి మధ్యస్థమైన సెగ మీద కాచండి. నిమ్మరసం వేస్తే పాకం పలుకులు కట్టదు.

తీగ పాకం, ఉండ పాకం దాటి ముదురు పాకం రావాలి. చిన్న గిన్నెలో చల్లని నీళ్లు పెట్టుకుని, చెంచాతో ఒక చుక్క అందులో వేయండి. ఉండ మెత్తగా నొక్కుకుంటే ఇంకా కాలేదు. గట్టిపడి, పళ్లెం మీద వేస్తే ఖంగుమని మోగి, విరిస్తే పుటుక్కున విరగాలి. చుక్క నీటిలోంచి తీసిన తరువాతే ముట్టుకోవాలి. గిన్నెలోని పాకాన్ని ఎట్టి పరిస్థితిలోనూ వేలితో చూడకూడదు, నాలుకకు తగిలించకూడదు.

పాకం రాగానే పొయ్యి ఆపి, గిన్నెను గట్టు మీద లోపలివైపుకు స్థిరంగా పెట్టండి. పుల్ల పట్టుకుని పండును ఒక్కసారి పాకంలో తిప్పి, పైకెత్తి, అదనపు పాకం కారనివ్వండి. అడుగుభాగాన్ని వేరుశనగ పలుకుల్లో అద్ది పళ్లెంలో నిలబెట్టండి. పూత పలుచగా ఉంటేనే రుచి, ఆరోగ్యం రెండూ. అరగంట చల్లారిన తరువాతే పిల్లల చేతికి ఇవ్వండి. పైకి చల్లగా కనిపించినా అడుగున గడ్డకట్టిన పాకం లోపల వేడిగా ఉంటుంది.

పాకం ఎందుకు అంత ప్రమాదం?

నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతాయి. ముదురు పాకం దాదాపు 150 డిగ్రీల వరకు వెళుతుంది. అంతేకాదు, వేడినీరు పడితే జారిపోతుంది. పాకం అంటుకుపోయి, అక్కడే ఉండి, లోపలికి కాలుస్తూనే ఉంటుంది. అందువల్ల చిన్న చుక్క కూడా లోతైన గాయం చేస్తుంది.

పాకం పొయ్యి మీద ఉన్నంతసేపూ పొయ్యి చుట్టూ రెండు బారల మేర పిల్లలు రాకూడదని గీత గీయండి. నేల మీద సుద్దముక్కతో నిజంగానే గీయండి. పిల్లలు ఆ ఆటను ఇష్టపడతారు. నేల మీద స్టవ్ పెట్టి పాకం కాయకండి. గరిటె కాడ బయటకు పొడుచుకుని ఉండకూడదు. చంకలో బిడ్డను ఎత్తుకుని పాకం తిప్పకండి. వేలాడే పమిట, చున్నీ నడుముకు దోపుకోండి. పిల్లలకు వేరే పనులు ఇవ్వండి: పళ్లు కడగడం, తుడవడం, పళ్లెానికి నెయ్యి రాయడం, చల్లారిన పళ్లకు కాగితం చుట్టడం. వంటలో వారికీ భాగం ఉంటుంది, చేతులూ భద్రంగా ఉంటాయి.

ఒకవేళ పాకం మీద పడితే

వెంటనే కుళాయి కింద చల్లని నీటి ధారలో 20 నిమిషాలు ఉంచండి. నీరు రాని వేళ అయితే బిందెలోని నీరు చెంబుతో పోస్తూ ఉండండి. ఐసు పెట్టకండి. గాజులు, ఉంగరాలు, గడియారం వాపు రాకముందే తీసివేయండి. చర్మానికి అంటుకుపోయిన పాకాన్ని గాని, బట్టను గాని పీకకండి. నీటి ధారకు పాకం దానంతట అది కరుగుతుంది.

టూత్‌పేస్టు, పసుపు, సిరా, నూనె, గుడ్డుసొన, కాఫీపొడి ఏదీ పూయకండి. బొబ్బలు చిదపకండి. ఉతికిన పలుచని గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకురండి. పిల్లలకు కాలినా, ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాల వద్ద కాలినా, గాయం రోగి అరచేయికంటే పెద్దదైనా ఇంటి వైద్యంతో ఆలస్యం చేయవద్దు. బండి లేకపోతే 108కి ఫోను చేయండి. 20 నిమిషాల నీటి ధార ఆలస్యం కాదు, అదే మొదటి వైద్యం. ఆ పాపకు ఆ నీళ్లు దొరికి ఉంటే గాయం ఇంత లోతు అయ్యేది కాదేమోనని మాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

చేసిన రోజే తినండి

2014 చివర అమెరికాలో కారమెల్ పాకం పూసిన యాపిల్ పళ్ల వల్ల లిస్టీరియా అనే సూక్ష్మజీవి వ్యాపించింది. 12 రాష్ట్రాల్లో 35 మంది జబ్బుపడ్డారు. వారిలో ఏడుగురు చనిపోయారు. జబ్బుపడినవారిలో గర్భిణీ స్త్రీలు కూడా ఉన్నారు. యాపిల్ పుల్లని పండు, పాకం చాలా వేడి. మరి క్రిమి ఎలా బతికింది? విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2015లో పరీక్షించి చెప్పారు. పుల్ల గుచ్చినచోట పండు రసం పైకి ఊరి, పాకానికీ తొక్కకూ మధ్య తడి పొరగా నిలుస్తుంది. తొక్క మీద ఉన్న క్రిమికి అదే ఆహారం. పుల్ల గుచ్చి గది వేడిమిలో ఉంచిన పళ్లలో మూడు రోజుల్లోనే క్రిములు వెయ్యి రెట్లు పెరిగాయి. పుల్ల లేకుండా ఫ్రిజ్‌లో ఉంచినవాటిలో పెరగలేదు.

మన ఊరి సంగతి ఇంకొకటి ఉంది. ఇతర చోట్ల శరదృతువు అంటే పొడి గాలి. మనకు అక్టోబరు అంటే తుపానుల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది ఈ కాలంలోనే. సముద్రపు చెమ్మగాలిని పాకం పీల్చుకుని పూట తిరిగేసరికి జిగురు అవుతుంది, దుమ్ము అంటుకుంటుంది, ఈగలు వాలతాయి. కాబట్టి కడిగిన పండు, శుభ్రమైన పుల్ల, చేసిన రోజే తినడం, మిగిలితే మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మరుసటి రోజు ముగించడం, ఇదే మా నియమం. పండుగకు వారం ముందే చేసి నిల్వ పెట్టకండి. గర్భిణీలు నిల్వ ఉన్నవి అసలే తినవద్దు.

"బెల్లమే కదా డాక్టరమ్మా?"

షుగరు క్లినిక్‌లో మేము రోజూ వినే ప్రశ్న ఇది. చక్కెర మానేశాను, బెల్లం వేసుకుంటున్నాను అని ధైర్యంగా చెబుతారు. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. కొద్దిగా ఖనిజాలు ఉన్నంత మాత్రాన రక్తంలో గ్లూకోజు పెరగకుండా ఉండదు. మధుమేహం ఉన్నవారికి బెల్లం పాకమైనా, పంచదార పాకమైనా ఒకటే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం 2021 నాటికి మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది. కాబట్టి ఇది ఏదో ఒక ఇంటి మాట కాదు.

ఇంకొందరు రక్తహీనతకు బెల్లం చాలనుకుంటారు. బెల్లంలో ఉన్న ఇనుము కొద్దిపాటిదే. హిమోగ్లోబిన్ తగ్గినవారు, ముఖ్యంగా గర్భిణీలు, డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు మానకూడదు.

మరి ఎంత తినవచ్చు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం, మనం చేర్చుకునే చక్కెర రోజు మొత్తం శక్తిలో పదో వంతుకు మించకూడదు. అందులో సగానికి, అంటే పెద్దవారికి సుమారు 25 గ్రాములకు తగ్గిస్తే ఇంకా మంచిది. పై కొలతలో పావుకిలో బెల్లం వాడినా దాదాపు సగం గిన్నెకే మిగులుతుంది. పలుచగా పూస్తే ఒక్కో పండుకు సుమారు 20 గ్రాములు అంటుకుంటుంది. పిల్లవాడు పండు మొత్తం తింటే ఆ రోజు వాటా దాదాపు అయిపోయినట్టే. నాలుగు ముక్కలు చేసి నలుగురూ పంచుకుంటే ఒక్కొక్కరికి 5 గ్రాములే. కాబట్టి చల్లారిన పండును కోసి పంచండి. తీపి తక్కువ అవుతుంది, పంచుకోవడం పిల్లలకు అలవాటవుతుంది.

భోజనం అయిన వెంటనే తిని, నోరు పుక్కిలించాలి. పాకం పళ్లకు అంటుకుని పుచ్చు చేస్తుంది. పడుకోబోయే ముందు ఇవ్వవద్దు. కట్టుడు పళ్లు ఉన్న పెద్దవారు దీనికి దూరంగా ఉండాలి.

అయిదేళ్లలోపు పిల్లలకు

వీరికి ఈ మిఠాయి వద్దు. గట్టి పాకం పెంకులు, వేరుశనగ పలుకులు గొంతులో, ఊపిరి గొట్టంలో ఇరుక్కుంటాయి. పిల్లవాడు ఉన్నట్టుండి మాట రాక, దగ్గలేక, రంగు మారితే ముందుకు వంచి, రెండు భుజాల మధ్య వీపు మీద అరచేతి మడమతో అయిదుసార్లు గట్టిగా కొట్టండి. తగ్గకపోతే వెనుక నుంచి పట్టుకుని బొడ్డుకు పైన లోపలికి, పైకి అయిదుసార్లు నొక్కండి. ఏడాదిలోపు బిడ్డకు పొట్ట నొక్కకూడదు. ముంజేతి మీద బోర్లా పెట్టి వీపు మీద కొట్టి, తరువాత వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య నొక్కాలి. కనబడని వస్తువు కోసం గొంతులో వేలు పెట్టి వెతకకండి. ఒకరు ఇది చేస్తుండగా ఇంకొకరు 108కి ఫోను చేయాలి.

చిన్నపిల్లలకు యాపిల్‌ను ఉడికించి, మెత్తగా నలిపి, చిటికెడు దాల్చినచెక్క పొడి వేసి ఇవ్వండి. పాకం అక్కరలేదు. యాపిల్ కొనలేనివారు చిన్నబుచ్చుకోనక్కరలేదు. మన పెరటి జామకాయలో యాపిల్‌కంటే ఎన్నో రెట్లు ఎక్కువ సి విటమిన్ ఉంది. రోగిని చూడడానికి వచ్చేటప్పుడు జామపండు తెచ్చినా మేము సంతోషంగా లోపలికి పంపుతాము.

తేనె దొరికినవాడు కూడా తనకు తగినంతే తినాలని సామెతల గ్రంథం 25వ అధ్యాయంలో ఒక బుద్ధిమాట ఉంది. తీపిని అది కాదనలేదు, హద్దు చెప్పింది. మేము చెప్పేదీ అదే.

ఆ పాప ఈ సంవత్సరం కూడా కోత పండుగకు వస్తున్నది. వాళ్ల మామ్మ ఇప్పటికీ పాకం గిన్నె ముట్టుకోవడానికి భయపడుతున్నది. మేము ఆమెతో ఒక మాట అన్నాము: "అమ్మా, ఈసారి మా ఆసుపత్రి వంటశాలలో మీరే దగ్గరుండి పాకం చూడండి, పదును మీకు తెలిసినట్టు మాకెవరికీ తెలియదు." ఆమె ఒప్పుకున్నది. పొయ్యికి దూరంగా సుద్దగీత గీసే పని పాపకు అప్పగించాము. ఆ గీతకు ఇవతల నిలబడి పళ్లు తుడవడానికి మీ పిల్లలను కూడా పంపండి.

దేవుడు మీ ఇంటి పొయ్యిని, మీ పిల్లల చేతులను కాపాడును గాక.